సీ, ఏ, ఆర్ ఉన్న ఇంగ్లీషు మాటలు: ప్రశ్న ఒకటి కాదు, నాలుగు

సీ, ఏ, ఆర్ అక్షరాలున్న ఇంగ్లీషు మాటలు చెప్పమంటే నాలుగు రకాల జవాబులు వస్తాయి. నాలుగూ సరైనవే. మూడూ అదే వరసలో పక్కపక్కనే ఉండాలంటే ‘స్కార్’, ‘స్కార్ఫ్’, ‘కార్గో’. వరస ఏదైనా ఎక్కడో ఒకచోట ఉంటే చాలంటే ‘క్రేన్’, ‘ట్రేస్’, ‘రియాక్ట్’ కూడా చేరతాయి. ఆ మూడు తప్ప మరో అక్షరం తాకకూడదంటే ‘కార్’, ‘ఆర్క్’ లాంటి ఒకటి రెండు దగ్గరే బండి ఆగిపోతుంది. రెండో గడిలో ‘ఏ’, మూడో గడిలో ఆర్ ఖాయం, సీ ఎక్కడుందో మాత్రం తెలియదంటే ‘మార్చ్’, ‘పార్చ్’, ‘క్యారీ’ వస్తాయి.

అక్షరాలిస్తే మాటలు వెతికిపెట్టే, వర్డ్ ఫైండర్ పేరుతో దొరికే పనిముట్లలో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ‘ఈ అక్షరాలు కలిగినవి’ అనే పెట్టెలో మూడక్షరాలు కొడితే చాలా వాటిలో మొదటి అర్థమే తీసుకుంటారు, అంటే అతుక్కుని ఉన్న ముక్కగా. అడిగినవాడి మనసులో ఉన్నది రెండోది. జాబితా రాకపోదు, అరకొరగా వస్తుంది. అసలే రాకపోతే అనుమానం కలిగేది. సగం వస్తే ఇంగ్లీషులో అంతే ఉన్నాయి కాబోలు అనుకుంటాం. కొత్త పనిముట్టు ఏది వాడినా ముందు సీ, ఏ, ఆర్ కొట్టి ‘క్రేన్’ వచ్చిందో లేదో చూస్తే దాని స్వభావం అర నిమిషంలో బయటపడుతుంది.

ఏ ఆట ఏ ప్రశ్న అడుగుతుందో చూద్దాం. గళ్లనుడికట్టుది నాలుగోది: పొడవు తెలుసు, కొన్ని గళ్లు నిండాయి, మిగతావి ఖాళీ. ఖాళీకో ప్రశ్నార్థకం పెట్టి వెతికితే సరిపోతుంది, ఆధారంలోని క్రియ భూతకాలమా, నామవాచకం బహువచనమా అన్నది గమనిస్తే చివరి గడి కూడా దొరుకుతుంది. అంతకుమించి దానిలో చిక్కేమీ లేదు. చిక్కంతా బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్‌కీ, న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీకీ, దాచిన మాటను ఊహించే వర్డల్‌కీ మధ్య ఉన్న తేడాలో ఉంది.

స్క్రాబుల్‌లో చేతిలో ఏడు బిళ్లలుంటాయి. అన్నీ వాడక్కర్లేదు, కానీ ఒక్కో బిళ్ల ఒక్కసారే. స్పెల్లింగ్ బీలోనూ ఏడక్షరాలే, కానీ వాటిని ఎన్నిసార్లయినా వాడవచ్చు. మధ్యనున్న అక్షరం తప్పనిసరి, మాటకు కనీసం నాలుగక్షరాలుండాలి. నాలుగక్షరాల మాటకు ఒక పాయింటు, అంతకు పెద్దవాటికి అక్షరానికో పాయింటు, ఏడూ వాడేసిన పాన్‌గ్రామ్‌కు అదనంగా ఏడు. ఇప్పుడు బీ, ఏ, ఎన్ మూడే ఉన్నాయనుకోండి. స్పెల్లింగ్ బీ ఆడేవారికి ‘బనానా’ చెల్లుతుంది. స్క్రాబుల్ ఆడేవారికి అదే మాట కావాలంటే చేతిలో ‘ఏ’ మూడు, ఎన్ రెండు ఉండి తీరాలి. ఒకచోట అక్షరం ఉందా లేదా అన్నదే లెక్క, మరోచోట ఎన్ని ఉన్నాయన్నది లెక్క. ఒక ఆట కోసం రాసిన ప్రోగ్రామును రెండోదానికి వాడితే తప్పుడు మాటలైనా వస్తాయి, రావలసినవైనా జారిపోతాయి.

స్క్రాబుల్ లెక్క కాస్త నిదానంగా చూడవలసినది. ఏడు వేరువేరు బిళ్లలను రెండు నుంచి ఏడక్షరాల వరకు అన్ని వరసల్లోనూ పేర్చి చూడాలంటే 13,692 పేర్పులు అవుతాయి. మనిషి సంగతి సరే, కంప్యూటరుకు కూడా అది వృథా పనే. దీనికి పాతదే అయినా చక్కని ఉపాయం ఒకటుంది: నిఘంటువులోని ప్రతి మాట అక్షరాలనూ ముందే అకారాది క్రమంలో సర్ది పెట్టుకోవడం. అలా సర్దిన రూపాన్ని ఆటగాళ్లు ఆల్ఫాగ్రామ్ అంటారు. ‘రిటెయిన్స్’ అక్షరాలను సర్దితే ఏ-ఈ-ఐ-ఎన్-ఆర్-ఎస్-టీ. ‘రెటినాస్’, ‘నాస్టియర్’, ‘స్టెయినర్’ అన్నిటి తాళంచెవీ అదే. చేతిలోని బిళ్లలను కూడా ఒకసారి సర్దేస్తే ఇక వరసల గొడవ లేదు. ఏ బిళ్లలు తీసుకోవాలన్న ఎంపిక మాత్రమే మిగులుతుంది, అది 120 రకాలు. పదమూడు వేల చిల్లర ప్రయత్నాలు 120 తాళాలకు దిగిపోతాయి.

ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ల ఉంటే దాని స్థానంలో 26 అక్షరాలనూ పెట్టి చూడాలి కాబట్టి పని పెరుగుతుంది. దాన్ని తిప్పి చేయడం సులువు: నిఘంటువులో ఒక్కో మాటనూ తీసుకుని, చేతిలో లేని అక్షరాలు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఆ మొత్తం ఖాళీ బిళ్లల సంఖ్యకు మించకపోతే మాట పడుతుంది. ఆర్, ఈ, టీ, ఏ, ఐ, ఎన్‌లతో పాటు ఒక ఖాళీ ఉందంటే ‘సర్టెన్’లో కొరత ఒక్క సీ మాత్రమే, కాబట్టి చెల్లుతుంది. ఏడూ వేసినందుకు 50 పాయింట్లు అదనం కూడా. ఖాళీ బిళ్లకు మాత్రం విలువ సున్నా. కొన్ని పనిముట్లు ఆ సీకి కూడా మూడు పాయింట్లు కలిపేసి చూపిస్తాయి, దాన్ని నమ్మి ఎత్తు వేస్తే బల్ల మీద లెక్క తేడా వస్తుంది.

పనిముట్టు లేకుండా బుర్రతో వెతికేవారు చేసేదీ ఒక రకంగా ఇదే. అందుకే కొన్ని ఆరక్షరాల మూలాలను కంఠతా పడతారు. ‘టిజేన్’ అనే మూలం, అంటే టీ-ఐ-ఎస్-ఏ-ఎన్-ఈ, వాటిలో పేరున్నది. దానికి దాదాపు ఏ అక్షరం కలిపినా ఏడక్షరాల మాట పుడుతుంది. డీ కలిపితే ‘ఇన్‌స్టెడ్’, జీ కలిపితే ‘సీటింగ్’, కే కలిపితే ‘ఇన్‌టేక్స్’, ఎల్ కలిపితే ‘సేలియంట్’, ఎమ్ కలిపితే ‘ఇన్‌మేట్స్’, వీ కలిపితే ‘నేటివ్స్’, జెడ్ కలిపితే ‘జేనియెస్ట్’. ఇక్కడ అర్థంతో పనిలేదు, ఆకారం గుర్తుంటే చాలు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు, 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. అక్షరాల కూర్పుగా మాటలను గుర్తుపెట్టుకోవడం భాష నేర్చుకోవడానికి ఎంత దూరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంత జ్ఞాపకశక్తి లేనివారికి పనికొచ్చే పద్ధతి మరొకటుంది. ముందు చివరలను విడదీయాలి. ఐ-ఎన్-జీ, ఈ-డీ, ఈ-ఆర్, ఈ-ఎస్-టీ, ఎల్-వై లాంటివి చేతిలో ఉంటే కుడివైపుకు జరిపేసి, మిగిలిన మూడు నాలుగు అక్షరాలతో ధాతువు కుదురుతుందేమో చూడాలి. తర్వాత మొదళ్లు: ఆర్-ఈ, యూ-ఎన్, ఓ-యూ-టీ, ఎమ్-ఐ-ఎస్. ఏడక్షరాల చిక్కుముడి మూడు నాలుగు అక్షరాలకు తగ్గుతుంది. చివర ఏదీ కుదరకపోతే జంటలు కట్టాలి, సీ-హెచ్, ఎస్-హెచ్, సీ-కే, టీ-హెచ్. జంటను ఒకే అక్షరంగా భావిస్తే కంటికి భారం తగ్గుతుంది.

అరుదైన అక్షరాలు ఎక్కువ భయపెడతాయి గానీ నిజానికి వెతకడానికి అవే తేలిక, ఎందుకంటే అవి నిలబడే చోట్లు కొన్నే. జే దాదాపుగా మాట మొదట్లోనో, ‘ఆబ్జెక్ట్’, ‘ఇంజెక్ట్’లలో లాగా ఉపసర్గ అయిపోయాకో వస్తుంది. చివర్న రావడం బహు అరుదు. వీ కూడా చివర ఇమడదు, అందుకే ‘గివ్’, ‘లవ్’ల వెనక పలకని ‘ఈ’ నిలబడింది. పైగా స్క్రాబుల్ జాబితాల్లో వీ ఉన్న రెండక్షరాల మాట ఒక్కటీ లేదు, కాబట్టి ఆట చివర్లో బల్ల మీద జాగా తగ్గినప్పుడు చేతిలో వీ మిగిలితే పెద్ద తలనొప్పి. ఎక్స్ దానికి పూర్తి వ్యతిరేకం, ‘ఏ’, ‘ఈ’, ‘ఓ’ మూడిటి తర్వాతా రెండక్షరాల్లో ఒదుగుతుంది. ఎనిమిది పాయింట్ల బిళ్ల అంత సులువుగా పడుతుంది కనుక దాన్ని మంచి గడి కోసం దాచుకోవచ్చు. క్యూ వెనక యూ లేకపోతే కొత్త ఆటగాళ్లు చేతులెత్తేస్తారు. క్యూ-ఐ అనే రెండక్షరాల మాట, క్యూ-ఏ-టీ, ‘ఫకీర్’ను క్యూతో రాసే ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, అలాగే ‘నికాబ్’, ‘బుర్ఖా’, ‘తలాక్’ల క్యూ వర్ణక్రమాలు అలాంటప్పుడు ఆదుకుంటాయి. అరబ్బీ నుంచీ ఇతర భాషల నుంచీ వచ్చి చేరిన మాటలే వీటిలో ఎక్కువ. అచ్చులు అసలే లేని చేతికి ‘మిత్’, ‘లిన్క్స్’ లాంటి వై మాటలూ, వేల్స్ భాష నుంచి వచ్చిన సీ-డబ్ల్యూ-ఎమ్ కూడా ఉన్నాయి. అచ్చులే నిండిపోతే ‘ఆడియో’, ‘అడ్యూ’, ‘మియావ్’కు ఉన్న ఎమ్-ఐ-ఏ-ఓ-యూ రూపం.

చెవితో వెతకడం వల్ల జరిగే నష్టం గురించి ఇక్కడే ఒక మాట. తెలుగులో పలికినట్టే రాస్తాం గనక, ఇంగ్లీషు మాటను కూడా ముందు ధ్వనిగా తలచుకుని ఆ తర్వాత అక్షరాలకు వెళ్లే అలవాటు మనకు ఎక్కువ. కే-ఎన్ జంట చేతిలో ఉంటే ‘నీ’, ‘నైఫ్’, ‘నైట్’ తట్టకపోవడానికి కారణం ఇదే, చెవికి అక్కడ కే లేదు. ‘రిస్ట్’లో డబ్ల్యూ, ‘డౌట్’లో బీ, బైబిలు కీర్తన ‘సామ్’లో పీ కూడా అంతే. ‘ఫ’ ధ్వనికి ఎఫ్ ఒక్కటే కాదు, పీ-హెచ్ ఉంది, ‘కాఫ్’లో లాగా జీ-హెచ్ ఉంది. ‘క’ ధ్వనికైతే సీ, కే, క్యూ, సీ-కే, ‘ఎకో’లోని సీ-హెచ్. చేతిలో సీ, హెచ్ కలిసి కనబడగానే ‘చ’ అని పలికేస్తే ‘ఎకో’, సంగీతంలోని ‘కార్డ్’, ‘కేయాస్’ ఎప్పటికీ తట్టవు. బిళ్లలను పైకి చదవడం మానేసి, చేత్తో అటూ ఇటూ మారుస్తూ కళ్లతో చూడమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

ఏ అక్షరాలు ఎక్కువగా వస్తాయన్న పట్టికల విషయంలోనూ గందరగోళం ఉంది. లెక్క దేని మీద కట్టారన్నది అడగకుండా వాటిని వాడకూడదు. నడుస్తున్న వచనంలో ‘ఈ’ తర్వాత టీది రెండో స్థానం, సుమారు తొమ్మిది శాతం. హెచ్ కూడా ఆరు శాతం దాకా ఉంటుంది. ‘ద’, ‘దట్’, ‘విత్’, ‘హి’ లాంటి చిన్న మాటలు వాక్యవాక్యంలోనూ తగలడం వల్ల వచ్చిన బలం అది. నిఘంటువులో ‘ద’ ఒక్కసారే ఉంటుంది, అందుకే అక్కడ హెచ్ మూడు శాతం దగ్గరకు పడిపోతుంది, ‘ఏ’, ఆర్, ఐలు టీని దాటిపోతాయి. ఎస్ స్థానం మరీ విచిత్రం. బహువచనాలు లేని జాబితాలో వెనకబడుతుంది, ఉన్న జాబితాలో ఎగబాకి ‘ఈ’ వెంటనే నిలుస్తుంది. మాటలాటకు పనికొచ్చేది నిఘంటువు లెక్క, అందులోనూ ఆ ఆట ఒప్పుకునే జాబితా లెక్క.

స్క్రాబుల్‌ను రూపొందించిన ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ 1930లలో వార్తాపత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి బిళ్లల సంఖ్య నిర్ణయించాడు. వంద బిళ్లల్లో ‘ఈ’ 12, ‘ఏ’, ఐ తొమ్మిదేసి. కానీ ఎస్‌లు నాలుగే ఇచ్చాడు, బహువచనాలతో ఆట మరీ సులువైపోకూడదని. ఎస్ విలువ ఒక్క పాయింటే అయినా దాన్ని చిన్న మాటకు ఖర్చుపెట్టకుండా దాచుకోవడం వెనక ఉన్న లెక్క ఇది. స్పెల్లింగ్ బీ ఇంకో అడుగు వేసి ఎస్‌ను పక్కనే పెట్టేసింది.

వర్డల్ ఈ లెక్కలన్నిటికీ పరీక్ష. జాష్ వార్డిల్ తయారుచేసిన ఈ ఆట 2021 అక్టోబరులో జనంలోకి వచ్చింది, 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. అయిదక్షరాలు, ఆరు ప్రయత్నాలు. మొదట్లో జవాబుల జాబితా 2,300 పైచిలుకు, ప్రయత్నంగా ఒప్పుకునేవి 13,000 దగ్గర. జవాబుల్లో ఎస్‌తో ముగిసేవి చాలా తక్కువ, మామూలు బహువచనాలను జవాబుగా పెట్టరు కాబట్టి. కనుక చివర ఎస్ ఉన్న మాటతో మొదలుపెడితే ఒక గడి దండగ. ఎస్ మొదట్లో ఉంటే మాత్రం లాభం. నాలుగు అచ్చులు ఒకేసారి తేలిపోతాయని ‘అడ్యూ’తో మొదలుపెట్టేవారు చాలామంది. అచ్చులు తెలిసినంత మాత్రాన మాటలు పెద్దగా విడిపోవు, వేరుచేసేది హల్లులే. కంప్యూటరు లెక్కలు ‘స్లేట్’, ‘క్రేన్’ లాంటి వాటివైపు మొగ్గడానికి కారణం అదే.

వర్డల్‌లో సరైన గడిలో ఉన్న అక్షరానికి ఆకుపచ్చ, జవాబులో ఉన్నా వేరే గడిలో ఉంటే పసుపు, లేకపోతే బూడిద రంగు వస్తాయి. రంగులతో వచ్చే అసలు తంటా అక్షరం రెండుసార్లు వచ్చినప్పుడు. జవాబు ‘అదర్’, అంటే ఓ-టీ-హెచ్-ఈ-ఆర్ అనుకుందాం. ప్రయత్నంగా ‘త్రీ’, అంటే టీ-హెచ్-ఆర్-ఈ-ఈ వేస్తే మొదటి మూడూ పసుపు, నాలుగో గడిలోని ‘ఈ’ ఆకుపచ్చ, అయిదో గడిలోని ‘ఈ’ బూడిద రంగు. ఇక్కడ బూడిద రంగుకు ‘ఈ అక్షరం లేదు’ అని అర్థం చెప్పుకుని, వడపోతలో లేనివాటి జాబితాలో ‘ఈ’ని చేరిస్తే సరైన జవాబే ఎగిరిపోతుంది. దాని అసలు అర్థం ‘ఒకటే ఉంది, రెండోది లేదు’. అలా చదివితే ‘ఈథర్’ పక్కకు తప్పుకుని, ‘అదర్’ మిగులుతుంది. గణితం వీడియోలతో పేరుపొందిన గ్రాంట్ శాండర్సన్ 2022లో ‘క్రేన్’ ఉత్తమ తొలి మాటని తేల్చి, కొద్ది రోజులకే మరో వీడియోలో దిద్దుకోవలసి వచ్చింది. రెండుసార్లు వచ్చే అక్షరాలకు రంగులు ఇవ్వడంలో ఆయన కోడ్‌లో చిన్న దోషం దొర్లింది. ఆరితేరినవారికే అలా జరిగిందంటే, అరగంటలో రాసుకున్న వడపోతను ఈ ఒక్క విషయంలో పరీక్షించకుండా వదలకూడదు.

ఇంకో ఉచ్చు, ఒక్క మొదటి అక్షరం తప్ప అన్నీ తెలిసిపోవడం. చివరి నాలుగూ ఏ-టీ-సీ-హెచ్ అని ఖాయమైతే ‘బ్యాచ్’, ‘క్యాచ్’, ‘హ్యాచ్’, ‘ల్యాచ్’, ‘మ్యాచ్’, ‘ప్యాచ్’, ‘వాచ్’ ఏడూ బరిలో ఉంటాయి. రెండు ప్రయత్నాలే మిగిలాయనుకోండి. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే గెలుపు అవకాశం ఏడింట రెండు. అలాకాక మొదటి ప్రయత్నాన్ని ‘క్లాంప్’ మీద ఖర్చుపెడితే, అది జవాబు కాదని తెలిసినా సరే, సీ, ఎల్, ఎమ్, పీ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఏదీ కాకపోతే బీ, హెచ్, డబ్ల్యూ మూడే మిగులుతాయి. అప్పుడు గెలుపు ఏడింట అయిదు. హార్డ్ మోడ్‌లో తెలిసిన అక్షరాలను వదలడానికి వీల్లేదు కాబట్టి ఈ దారి మూసుకుపోతుంది. అక్కడ ఆడేవారు రెండో ప్రయత్నంలోనే ఐ-జీ-హెచ్-టీ, ఓ-యూ-ఎన్-డీ లాంటి రద్దీ చివరల జోలికి పోకుండా జాగ్రత్తపడాలి.

ఏ జాబితాలో వెతుకుతున్నామన్నది పైవన్నిటికన్నా ముందు తేలవలసిన సంగతి. అమెరికా, కెనడాల స్క్రాబుల్ టోర్నీలది ఒక జాబితా, ఇతర దేశాల్లో ఎక్కువగా వాడే కాలిన్స్ జాబితా మరొకటి, రెండోది దాదాపు 2,80,000 మాటలతో చాలా పెద్దది. కాలిన్స్‌లో సీ-హెచ్ అనే రెండక్షరాల మాట చెల్లుతుంది. అమెరికా జాబితాలో సీ ఉన్న రెండక్షరాల మాటే లేదు. వర్డల్‌ది అమెరికన్ వర్ణక్రమం, అందుకే ‘హ్యూమర్’, ‘ఫేవర్’ అక్కడ అయిదక్షరాలు, బ్రిటిష్ పద్ధతిలో ఆరు. వర్డల్ జవాబులను 2022 నవంబరు నుంచి ఎడిటర్ ఎంపిక చేస్తున్నారు గనక పాత జాబితా మీద పూర్తిగా ఆధారపడడానికి లేదు. స్పెల్లింగ్ బీలోనూ ఎడిటర్ ఎంపికే, నిఘంటువులో నిక్షేపంగా ఉన్న మాటను కూడా తోసిపుచ్చడం మామూలే.

సొంతంగా వెతుక్కోవాలనుకుంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. వరసకో మాట ఉన్న టెక్స్ట్ ఫైలు, అందులో నమూనాలు వెతికే గ్రెప్ లాంటి ఆదేశం చాలు. అయిదక్షరాలను బట్టి ఒకే సంక్లిష్టమైన నమూనా రాయడం కన్నా అక్షరానికో జల్లెడ చొప్పున వరసగా పట్టడం మేలు, ఎక్కడ తప్పు జరిగిందో తెలుస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లోనైతే మాట పొడవులోంచి, ఆ అక్షరాన్ని సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో తీసేశాక మిగిలిన పొడవును తీసివేస్తే అక్షరం ఎన్నిసార్లు ఉందో వస్తుంది. ఆ ఫంక్షన్ చిన్నబడి (స్మాల్), పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలను వేరుగా చూస్తుంది. ముందే అన్నిటినీ ఒకే బడిలోకి మార్చకపోతే మాట మొదటి అక్షరం లెక్కలోకి రాదు.

ఫైలు తెచ్చుకున్నాక శుభ్రం చేయడంలోనే ఎక్కువ సమయం పోతుంది. మ్యాక్‌లో ముందే ఉండే మాటల ఫైలు పాత వెబ్‌స్టర్ నిఘంటువు రెండో కూర్పు నుంచి వచ్చింది. అందులో 2,35,000 పైగా మాటలున్నా మామూలు బహువచనాలు, భూతకాల రూపాలు చాలావరకు ఉండవు. స్క్రాబుల్‌కు దాన్ని నమ్ముకుంటే సగం ఎత్తులు పోయినట్టే. లినక్స్‌లో వచ్చే ఫైళ్లలో మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అపాస్ట్రఫీ రూపాలు, నెత్తిన గుర్తులున్న ఫ్రెంచి అక్షరాలు కలగలిసి ఉంటాయి. పెద్దబడితో మొదలయ్యేవి తీసేసిన తర్వాతే అన్నిటినీ చిన్నబడిలోకి మార్చాలి. వరస తారుమారైతే పేర్లన్నీ మాటల్లో కలిసిపోతాయి, మళ్లీ విడదీయలేం. విండోస్‌లో భద్రపరిచిన ఫైలును లినక్స్‌లో తెరిస్తే ప్రతి వరస చివరా కంటికి కనబడని గుర్తు ఒకటి వెంట వస్తుంది. అప్పుడు ‘వై-తో ముగిసేవి’ అంటే ఒక్కటీ రాదు, అయిదక్షరాల మాటలు అడిగితే నాలుగక్షరాలవి వస్తాయి. ఫలితం సున్నా అయినా, పొడవు ఒకటి తేడాగా ఉన్నా మొదట అనుమానించవలసింది ఆ గుర్తునే.